అక్వేరియం ఫొటోలు: కెమెరా మనవడి కంటి ఎత్తుకు దిగాలి

చాలా అక్వేరియంలలో ట్యాంకు నడిమి భాగం నేలకు మీటరు ఎత్తున, కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఐదారేళ్ల పిల్లల కన్ను కూడా దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది. పెద్దవాళ్లం నిలబడి తీస్తే ఫొటోలో పడేవి చేప వీపు, అడుగున గులకరాళ్లు, నీళ్ల మీద మెరిసే లైటు. అదే చేపను మనవడు చూస్తున్న చోటి నుంచి తీస్తే కన్ను, మొప్ప, పక్క రెక్క, తోక అన్నీ ఒకే వరసలో వస్తాయి. అందుకని మనవణ్నో మనవరాలినో చేయి పట్టుకుని తీసుకెళ్లే తాతయ్యలకు, అమ్మమ్మలకు ముందుగా చెప్పేది ఒకటే: కూర్చుని తీయండి. మోకాళ్లు సహకరించకపోతే 30 సెంటీమీటర్ల ఎత్తుండే మడత స్టూలు చాలు. దాన్ని లోపలికి రానిస్తారా, కెమెరాకు వేరే టికెట్ ఉందా అన్నవి కౌంటర్ దగ్గరే అడిగేయాలి. ట్రైపాడ్ గురించి అడగడం కూడా దండగే, పిల్లలు పరుగులు పెట్టే చోట దాని కాళ్లు ఎవరో ఒకరి కాళ్లకు తగులుతాయి.

విశాఖలో ఈ ఫొటోలకు తిరిగే చోటు బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని. ఎగ్జిబిషన్లలో పెట్టే సొరంగం అక్వేరియంలకు కూడా కింద రాసిన వాటిలో చాలా భాగం పనికొస్తుంది. వెళ్లే రోజు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. ఆదివారం సాయంత్రాలు, సంక్రాంతి సెలవులు, కార్తీక మాసంలో పిక్నిక్ బస్సులు దిగే రోజులు వద్దు. మామూలు పనిదినం, తెరిచిన తొలి గంట మంచిది. అద్దాల మీద చేతి ముద్రలు ఇంకా పడి ఉండవు, వెనక నుంచి తోసేవాళ్లూ ఉండరు. స్కూలు బస్సులు బయట ఆగి కనిపిస్తే ముందు కురుసుర సబ్‌మెరైన్ చూపించి, అక్వేరియంకు తర్వాత రండి. మురీ మిక్స్చర్ మాత్రం ఆఖర్న తినిపించండి. నూనె చేతులు అద్దానికీ పడవు, లెన్సుకీ పడవు.

ఇంకో చిన్న సంగతి. ఏసీ కారులోంచి దిగగానే బీచ్ గాలి తగిలితే లెన్సు మీద ఆవిరి పడుతుంది. ఫోనైతే కొద్ది నిమిషాల్లో తేరుకుంటుంది, పెద్ద కెమెరాకు పావుగంట పట్టొచ్చు. బ్యాగులోనే ఉంచి, జిప్ తీయకుండా బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. ఆవిరి పట్టింది కదా అని లెన్సు విప్పితే ఆ తేమ లోపలికీ పోతుంది. సముద్రపు గాలిలో ఉప్పు తుంపర కూడా ఉంటుంది కనుక గుడ్డతో రుద్దే ముందు బ్లోయరుతో ఊదాలి, లేకపోతే ఉప్పూ ఇసుకా కలిసి కోటింగును గీరేస్తాయి.

అద్దంతోనే అసలు పేచీ

అక్వేరియం ఫొటో చెడిపోతే చాలామంది కెమెరాను తిడతారు. నూటికి తొంభై పాళ్లు తప్పు అద్దం దగ్గర జరుగుతుంది. అద్దం మీద పడే ప్రతిబింబాలు ఒక బాధ, అద్దాన్ని ఏటవాలుగా చూడటం ఇంకో బాధ.

ప్రతిబింబాల సంగతి బట్టల దగ్గర మొదలవుతుంది. తెల్ల చొక్కా, జరీ అంచు చీర, మెరిసే గడియారం, నుదుటి మీదికి తోసుకున్న కళ్లజోడు, అన్నీ అద్దంలో కనిపిస్తాయి. ఇద్దరూ ముదురు రంగు బట్టలు వేసుకోవాలి. పిల్లల బూట్లు ఒకసారి చూడండి. అడుగేసినప్పుడల్లా ఎర్రగా, నీలంగా వెలిగే లైట్ల బూట్లయితే ఇంట్లోనే వదిలేసి మామూలు చెప్పులు వేయండి. ఫోను స్క్రీన్ వెలుతురు తగ్గించండి. స్మార్ట్ వాచీలో చేయి ఎత్తగానే వెలిగే సెట్టింగు ఉంటుంది, దాన్ని ఆపేయండి.

ఆ తర్వాత లెన్సును అద్దానికి ఆనించడమే. మధ్యలో ఖాళీ లేకపోతే ప్రతిబింబం వచ్చే దారే ఉండదు. పెద్ద కెమెరాకు లెన్సు ముందు తొడిగే, మడత పడే రబ్బరు హుడ్ దొరుకుతుంది, లెన్సు ఫిల్టర్ సైజు చూసి కొనుక్కోవాలి. గట్టి ప్లాస్టిక్ హుడ్, లోహపు ఫిల్టర్ రింగు అద్దానికి తగలనివ్వకూడదు. ఇప్పుడు పెద్ద ట్యాంకుల్లో చాలా వాటికి గాజు బదులు యాక్రిలిక్ వాడుతున్నారు, అది ఉంగరం గీతకే గీరుకుపోతుంది. దాన్ని పొడిగుడ్డతో గట్టిగా రుద్దినా గీతలే.

ఫోనుకు రింగు ఇంట్లో చేసుకోవచ్చు. పిల్లల క్రాఫ్టు పనికి స్టేషనరీ షాపుల్లో అమ్మే నల్ల ఫోమ్ షీటు తీసుకోండి. మందం రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి మూడు పొరలు అంటించి ఎనిమిది మిల్లీమీటర్ల దాకా తేవాలి. కెమెరా దిమ్మె మొత్తం పట్టేలా మధ్యలో కన్నం కోయండి. లెన్సు అంచుకూ ఫోమ్‌కూ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ వదలాలి, లేకపోతే ఫొటో మూలల్లో నల్లటి అర్ధచంద్రాలు పడతాయి. ఫోను వెనక నేరుగా కాకుండా పాత కవరు మీద డబుల్ టేపుతో అంటిస్తే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఈ రింగు 1ఎక్స్ అని చూపించే మామూలు లెన్సుకే. 0.5ఎక్స్‌కు చూపు మరీ వెడల్పు, ఎంత కోసినా ఫోమ్ అంచు కనిపిస్తుంది.

రింగు లేనప్పుడు నల్ల గుడ్డ చాలు. అయ్యప్ప మాల వేసేవాళ్ల ఇంట్లో నల్ల కండువా ఉండనే ఉంటుంది. దాన్ని ఫోను మీద, చేతుల మీద కప్పి రెండు కొసలూ మనవడి చేతికిచ్చి అద్దానికి ఆనించి పట్టుకోమంటే, పాతకాలపు స్టూడియోలో ముసుగు కప్పుకుని ఫొటో తీసినట్టే ఉంటుంది. పిల్లలకు ఈ ముసుగు ఆట మహా ఇష్టం, ఫొటోకీ పనికొస్తుంది.

ఇక ఏటవాలు సంగతి. నీటి వక్రీభవన గుణకం (వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే అంకె) 1.33, గాజుదీ యాక్రిలిక్‌దీ 1.5 దరిదాపుల్లో. వెలుతురు ఇన్ని పొరల్లో వంగి వస్తుంది, ఒక్కో రంగు ఒక్కో మేరకు వంగుతుంది. లెన్సు అద్దానికి నిటారుగా ఎదురుగా ఉన్నప్పుడు ఈ తేడా దాదాపు కనిపించదు. పక్కకు తిప్పేకొద్దీ చేప అంచుల్లో ఊదా, ఆకుపచ్చ చారలు వస్తాయి, పొలుసుల గీతలు అలికినట్టు కలిసిపోతాయి. ఇంట్లో కంప్యూటర్ మీద ఎంత పదును పెంచినా ఈ అలుకుడు పోదు. చేప మూలకు వెళ్లిపోతే కెమెరాను తిప్పకండి. స్టూలుతో సహా పక్కకు జరగండి, లేదా అది తిరిగొచ్చే దాకా ఆగండి. గుండ్రటి ట్యాంకుల్లో, సొరంగాల్లో ఇది మరీ ముఖ్యం. అక్కడ లెన్సుకు సరిగ్గా ఎదురుగా ఉన్న కొద్దిపాటి చోటే నికార్సుగా వస్తుంది, అంచులు సాగుతాయి. సొరంగంలో చేప నెత్తిమీదకు వచ్చినప్పుడు నేరుగా పైకి పట్టి తీయడం మేలు.

వంగడం వల్ల ఇంకోటి కూడా జరుగుతుంది. నీళ్లలో ఉన్న చేప అసలు దూరంలో నాలుగింట మూడు వంతుల దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. అద్దం నుంచి 40 సెంటీమీటర్ల లోపల ఉన్న చేప కెమెరాకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టే లెక్క. ఇక్కడే వెలుతురు ఎక్కువ తీసుకునే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు వాడేవాళ్లు దెబ్బతింటారు. ఆ లెన్సులు చాలావరకు 35 నుంచి 45 సెంటీమీటర్ల కంటే దగ్గర ఫోకస్ చేయలేవు, అదీ సెన్సార్ దగ్గర నుంచి కొలిస్తే. లెన్సు అద్దానికి ఆనించి, చేప కూడా అద్దం దగ్గరికే వస్తే మోటారు ముందుకూ వెనక్కూ తిరుగుతుందే తప్ప పట్టదు. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సు వెలుతురు తక్కువ తీసుకున్నా పాతిక సెంటీమీటర్ల దాకా దగ్గర పడుతుంది, అందుకని చిన్న ట్యాంకులకు అదే నయం. మరీ దగ్గరి ఫొటోలకు వాడే పొట్టి మాక్రో లెన్సు ఉంటే ఇక చెప్పేదేముంది.

ఫోన్లలో ఇదే జబ్బు వేరే రూపంలో వస్తుంది. వస్తువు బాగా దగ్గరికి రాగానే ఫోను తనంతట తానే 0.5ఎక్స్ లెన్సుకు మారి మాక్రో అంటుంది. ఆ చిన్న సెన్సార్ చీకట్లో అంతా గింజలు గింజలుగా తీస్తుంది, పైగా ఫోమ్ అంచు కూడా ఫ్రేములోకి వస్తుంది. సెట్టింగుల్లో ఆటో మాక్రో ఆపేసి వెళ్లాలి.

పోలరైజర్ ఫిల్టర్ కొనమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అక్వేరియంలో అది దండగ. ఆ ఫిల్టర్ ప్రతిబింబాలను బాగా తగ్గించేది అద్దాన్ని దాదాపు 56 డిగ్రీల వాలులో చూసినప్పుడు, మనం నిటారుగా ఎదురుగా తీస్తున్నాం. పైగా వెలుతురులో సగానికి పైగా మింగేస్తుంది. యాక్రిలిక్ ట్యాంకైతే లోపలి ఒత్తిళ్లు ఇంద్రధనుస్సు మరకలుగా బయటపడే ప్రమాదం కూడా ఉంది. దాన్ని సముద్రం ఒడ్డుకు దాచుకోండి, అక్కడ దానికి పని ఉంది.

వెలుతురు

ఫ్లాష్ వద్దే వద్దు. అద్దం మీద తెల్లటి ముద్ద పడుతుంది, నీళ్లలోని ప్రతి నలుసూ వెలుగుతుంది, రెప్పల్లేని చేపకు కళ్లు మూసుకునే వీలు లేదు. ఫ్లాష్ ఒక్కటే ఆపితే సరిపోదు. ఫోకస్ కోసం కెమెరా వేసే నారింజ రంగు సహాయ దీపం కూడా మెనూలోకి వెళ్లి ఆపాలి. ఫోన్లో ఫ్లాష్‌ను ఆటోలో వదలకుండా పూర్తిగా ఆఫ్ చేయాలి.

వెలుతురు తక్కువ, చేప ఆగదు. ఈ రెండింటి మధ్యే బేరం. షట్టర్ స్పీడు, అంటే కెమెరా వెలుతురు తీసుకునే సమయం, నెమ్మదిగా తేలే వాటికి సెకనులో 1/60 నుంచి 1/100 దాకా, మామూలుగా ఈదే వాటికి 1/125 నుంచి 1/250, సర్రున తిరిగే చిన్న చేపలకు 1/500. కెమెరాలో ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫొటోను వెలిగించే సెట్టింగు) 1600 నుంచి 6400 దాకా వెళ్లక తప్పదు, వెళ్లనివ్వండి. గింజలున్న ఫొటోను బాగు చేయొచ్చు, కదిలిపోయిన కన్నును ఎవరూ బాగు చేయలేరు. ఫోన్లో నైట్ మోడ్ ఆపండి, అది కొన్ని సెకన్ల వెలుతురును కలిపి కుడుతుంది కాబట్టి చేప దెయ్యంలా రెండు మూడుగా కనిపిస్తుంది.

షట్టర్ స్పీడు పెంచినప్పుడు ఫొటోలో అడ్డంగా ముదురు, లేత పట్టీలు కనిపిస్తే కెమెరా పాడైందనుకోకండి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీలు, ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, సెన్సారుకు తెలుస్తుంది. స్పీడును 1/100కో 1/50కో దించితే మినుకు పూర్తి చుట్టు తిరిగే సమయం దొరికి పట్టీలు పోతాయి. వీడియో తీసేటప్పుడూ ఇదే లెక్క, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. ఫోన్లో 30 ఫ్రేములే ఉంటే ప్రో వీడియోలో షట్టర్ ఒక్కటైనా 1/50 పెట్టండి. పెద్ద కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే పట్టీలు మరింత ఎక్కువ, మెకానికల్‌కు మార్చాలి.

ఎక్స్‌పోజర్, అంటే ఫొటో ఎంత వెలుగుగా రావాలన్నది, కూడా మీ చేతిలో ఉండాలి. ట్యాంకు వెనక నల్లగా ఉంటే కెమెరా ఫ్రేమంతా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, చేప తెల్లగా కాలిపోతుంది. మైనస్ 0.7 నుంచి మైనస్ 1.3 దాకా తగ్గించండి. వెండి పొలుసుల చేపలకు ఇంకాస్త తగ్గించినా ఫరవాలేదు. ఫోన్లో చేప మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి, పక్కనే వచ్చే సూర్యుడి బొమ్మను కిందికి లాగితే వెలుగు తగ్గుతుంది.

పగడాలు పెంచే ట్యాంకుల్లో నీలం ఎల్ఈడీలు వాడతారు. వాటి ముందు ఏ ఫోనైనా అంతా ఊదా చేసేస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ (రంగులను సరిచేసే సెట్టింగు) 8000 నుంచి 10000 కెల్విన్ దగ్గరికి తీసుకెళ్లాలి, వీలుంటే రా ఫైలు (ఫోను ఏ మార్పులూ చేయని అసలు ఫైలు) తీయాలి. జేపెగ్‌లో ఎరుపు ఒకసారి పోయాక తిరిగి రాదు. ట్యాంకులో తెల్ల ఇసుక ఉంటే దాన్నొక ఫొటో తీసి పెట్టుకోండి, ఇంటికెళ్లాక రంగు సరిచేయడానికి అదే కొలత.

ఏ జీవిని ఎలా

చేప మొత్తం పదునుగా రావాలంటే అది అద్దానికి సమాంతరంగా, పక్కవాటుగా ఉన్న క్షణం పట్టుకోవాలి. 50 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్ 2.8, అర మీటరు దూరం అయితే పదునుండే లోతు ఒక సెంటీమీటరే. చేప కొద్దిగా మనవైపు తిరిగినా కన్ను ఉంటే తోక పోతుంది. ఏదో ఒకటే దక్కేటప్పుడు కన్ను దక్కించుకోవాలి. నీళ్లలో లోపలికి వెళ్లేకొద్దీ నలుసులు పెరుగుతాయి కనుక అద్దం నుంచి ఒక అడుగు లోపల తిరిగేవే మీ లెక్కలోకి తీసుకోండి.

క్లౌన్ ఫిష్ పిల్లలందరికీ తెలుసు, అందరూ దాని వెంట పడతారు, అందరికీ కదిలిన ఫొటోయే వస్తుంది. దాన్ని వెంబడించకూడదు. అది తన సీ ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) చుట్టూ, ఎనిమోన్ లేకపోతే తను ఎంచుకున్న మూల చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. ఆ చోటి మీద ముందే ఫోకస్ పెట్టి లాక్ చేసి, మనవరాలిని కాపలా పెట్టండి. "అదిగో తాతా, వస్తోంది!" అనగానే బరస్టులో, అంటే ఆపకుండా వరసగా, పది ఫొటోలు. పిల్లల కళ్లు కదలికను ఇట్టే పట్టేస్తాయి, స్క్రీన్ చూస్తున్న పెద్దవాళ్లకు అది సాధ్యం కాదు. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది, దాని తర్వాతి పెద్దది మగది. ఆ పెద్దది చనిపోతే ఈ మగదే ఆడదిగా మారుతుంది. ఈ ముక్క చెబితే పిల్లలు ఏది పెద్దదో వెతకడంలో పడి ట్యాంకు ముందు ఐదు నిమిషాలు నిలుస్తారు, మీకు కావలసింది అదే.

సముద్రపు గుర్రం ఫొటోకు దొరికే వాటిలో అందరికంటే సులువు. తోకతో ఏ కొమ్మనో చుట్టుకుని ఉంటుంది, 1/60 చాలు. వీపు మీది చిన్న రెక్క సెకనుకు 30 సార్లకు పైగా కొట్టుకుంటుంది, అది మసకగా వస్తే రానివ్వండి, అదే సహజం. చూడాల్సింది కన్ను. దాని రెండు కళ్లూ దేనికది వేరుగా తిరుగుతాయి. మనవైపున్న కన్ను మనల్నే చూస్తున్నప్పుడు నొక్కాలి. నిలువు జీవి కాబట్టి ఫోనును నిలువుగానే పట్టండి. పొట్ట ఉబ్బి, సంచీలా ఉంటే అది మగది, పిల్లల్ని మోసేది వీటిలో తండ్రే.

లయన్ ఫిష్ కదలకుండా వేలాడుతుంది, చారల వల్ల ఫోకస్ ఠక్కున పట్టుకుంటుంది. అంతకంటే చెప్పడానికేమీ లేదు. మలుగుపాములా ఉండే మోరే ఈల్ నోరు తెరిచి మూస్తుంటే కోపం వచ్చిందని పిల్లలు భయపడతారు. అది ఊపిరి తీసుకుంటోంది, అంతే. ఆ లయను రెండు మూడుసార్లు గమనించి, నోరు పూర్తిగా తెరిచినప్పుడు నొక్కితే పళ్లు కనిపిస్తాయి.

టేకు చేపకు (స్టింగ్‌రే) ఓపిక కావాలి. ఇసుకలో పడుకున్నప్పుడు తీసినా ఉపయోగం లేదు. అది అద్దం వెంట పైకి పాకుతూ తెల్లటి అడుగు భాగం చూపించినప్పుడే ఫొటో. అక్కడ రెండు కళ్లు, నవ్వే నోరు ఉన్నట్టు ఉంటుంది. ఆ కళ్లనుకున్నవి ముక్కు రంధ్రాలు, అసలు కళ్లు పైవైపు ఉంటాయి. తెల్లదనం ఫ్రేమంతా నిండుతుంది కనుక ఇక్కడ మాత్రం లెక్క తిరగబడుతుంది, ప్లస్ 0.7 పెట్టాలి. అలవాటుగా మైనస్‌లో ఉంచేస్తే బూడిద రంగు అట్టముక్కలా వస్తుంది. ఆ వెంటనే వెనక్కి మార్చుకోవడం మరిచిపోకండి.

బుడగలా ఉబ్బే పఫర్ చేప ఉబ్బాలని పిల్లలు ఎదురుచూస్తారు. అది ఉబ్బేది హడలినప్పుడే. ఉబ్బించడానికి అద్దం కొట్టేవాళ్లు పక్కన ఉంటే సున్నితంగానైనా చెప్పాల్సిందే. చేప ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా సన్నని గీత ఒకటి ఉంటుంది, నీటి అదురును దానితోనే పసిగడుతుంది. అద్దం మీద వేలితో తట్టడం దానికి ఒళ్లంతా తగిలే దెబ్బ. ఆ గీతను ఫొటోలో పెద్దది చేసి చూపిస్తే పిల్లలు మళ్లీ తట్టరు, పైగా తట్టేవాళ్లను వాళ్లే ఆపుతారు. పండుగప్పలాంటి పెద్ద చేపల్లో అది బాగా కనిపిస్తుంది.

ఊళ్లలోని అక్వేరియంలలో చాలా ట్యాంకులు మంచినీటివే, ఆస్కార్లు, అరొవానాలు, కోయిలు. సముద్రపు జీవుల ఆల్బం చేయాలనుకుంటే ముందుగా కెమెరా తీయకుండా ఒక చుట్టు తిరిగి, ఉప్పునీటి ట్యాంకులు ఏవో చూసుకుని, అద్దం శుభ్రంగా ఉన్న నాలుగైదింటిని ఎంచుకోవాలి. అన్నిటి ముందూ ఆగితే ముప్పావుగంటకల్లా పిల్లలు ఇంటికి పోదామంటారు. ఏ ట్యాంకు ముందైనా మొదటి ఫొటో పేరు బోర్డుది. ఈ పని మనవడికి అప్పగించండి. లేకపోతే రాత్రికి రెండు వందల ఫొటోల ముందు కూర్చుని ఏది ఏ చేపో తేల్చుకోలేరు.

వాళ్ల చేతికి ఫోను ఇచ్చేటప్పుడు మణికట్టుకు తాడు తగిలించి, స్క్రీన్ మీద తెల్ల బటన్ బదులు పక్కనున్న వాల్యూం బటన్ నొక్కమనండి. చిన్న వేళ్లు స్క్రీన్ అందుకోబోతే ఫోను వంగి, అద్దంతో నిటారు తప్పుతుంది. ఫోమ్ రింగు ఉంటే అద్దానికి ఆనించి జరపడమే కాబట్టి ఆరేళ్ల పిల్లలు తీసినవి కూడా నిలబడతాయి. ముక్కు అద్దానికి ఆనించి చూస్తే ఊపిరికి మసక పడుతుంది, మీ లెన్సుకు ఒక జానెడు అవతల ఉండమనండి.

పిల్లల ఫొటో తీయాలంటే వాళ్లను కెమెరా వైపు తిప్పి నిలబెట్టి నవ్వమనకండి. వెనక ట్యాంకు వెలిగిపోతుంది, ముఖం నల్లబడుతుంది, ఫోను దాన్ని సరిచేయబోయి రెండూ చెడగొడుతుంది. అద్దానికి ఒక అడుగు దూరంలో, చేపను చూస్తూ పక్కవాటుగా నిలబడనిచ్చి, వెలుగును ట్యాంకు మీద లాక్ చేస్తే ముఖం అంచు గీత గీసినట్టు వస్తుంది. చర్మం నీలంగా వస్తే బ్లాక్ అండ్ వైట్ చేయండి, ఆ నీలాన్ని సరిదిద్దబోతే చేపల రంగు పోతుంది.

అద్దం లేని చోట

అక్వేరియం అలవాటయ్యాక పిల్లలు అసలు సముద్రం అడుగుతారు. తెన్నేటి పార్కు కింది రాళ్లు, రుషికొండ దగ్గరి రాళ్లు, మంగమారిపేట, భీమిలి, ఈ ఒడ్డంతా ఆటు సమయంలో రాతి గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. వాటిలో సీ ఎనిమోన్లు, ఖాళీ నత్తగుల్లలో కాపురం పెట్టే పీతలు, రాతికి అంటుకుపోయిన బార్నకిల్స్, గుండుసూదంత చేపపిల్లలు దొరుకుతాయి. పౌర్ణమికీ అమావాస్యకూ అటూ ఇటూ ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా వెనక్కి పోతుంది. రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆటు వేళ ఆలస్యమవుతుంది కనుక నిన్నటి టైము చూసుకుని ఇవాళ వెళ్లకూడదు. టైడ్ టేబుల్లో (ఆటుపోట్ల వేళల పట్టిక) ఇచ్చిన అతి తక్కువ నీటి వేళకు ముప్పావుగంట ముందు రాళ్ల దగ్గరికి చేరి, నీరు మళ్లగానే వెనక్కి వచ్చేయాలి.

దాచి ఉంచిన పోలరైజర్ ఇప్పుడు తీయండి. నీటి మీద నిగనిగ దాదాపు 53 డిగ్రీల వాలులో అన్నిటికంటే బాగా పోతుంది, ఫిల్టర్‌ను తిప్పుతుంటే గుంట అడుగు తేటగా పైకి వస్తుంది. నల్ల గొడుగు మనవరాలి చేతిలో ఉంటే నీడ కూడా దొరుకుతుంది. గొడుగు అంచు నీటిలో కనిపించని వైపు నుంచి పట్టాలి, ఆ వైపు ఏదో తిప్పి చూడటమే.

భద్రత విషయంలో మొహమాటం లేదు. విశాఖ తీరంలో అలలు కాళ్ల కింది ఇసుకను లాగేస్తాయి, ఒక్క పెద్ద అల చాలు. పిల్లలు ఎప్పుడూ పెద్దవాళ్లకు ఒడ్డువైపే ఉండాలి, సముద్రానికి వీపు చూపించి ఎవరూ కూర్చోకూడదు. అంటే కెమెరా పట్టుకున్న మనిషి కాకుండా ఇంకో పెద్ద మనిషి వెంట ఉండి తీరాలి. బార్నకిల్స్ బ్లేడులా కోస్తాయి, బూట్లు వేయించండి. శంకువులా సన్నగా ఉండే కోన్ నత్తల్ని, ఒడ్డున పడి ఉన్న నీలం బుడగల్లాంటి బ్లూబాటిళ్లను తాకనివ్వకండి, చచ్చినట్టు కనిపించినా కుడతాయి. తిరగేసిన రాయిని మళ్లీ యథాతథంగా పెట్టేయాలి, దాని కింద ఉన్నవాటికి ఎండ తగిలితే బతకవు. పగడం ముక్కలు, సముద్రపు గుర్రాలు, సీ కుకుంబర్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితాలు, ఎండిపోయి ఒడ్డున దొరికినా ఇంటికి తేకూడదు.

ఇంటికొచ్చాక మొదటి ఏరివేతకు ఒకే ప్రశ్న, కన్ను పదునుగా ఉందా లేదా. లేనివన్నీ అదే రాత్రి తీసేయండి. మిగిలినవాటిలో నీళ్లలోని తెల్ల నలుసులను స్నాప్‌సీడ్ యాప్‌లో హీలింగ్ టూల్‌తో ఒక్కొక్కటిగా తుడవచ్చు. బొమ్మను బాగా పెద్దది చేసి తుడవాలి, లేకపోతే చేప పొలుసు కూడా పోతుంది. రంగు కోసం అదే యాప్‌లో వైట్ బ్యాలెన్స్‌లోని డ్రాపర్‌తో తెల్ల ఇసుకను తాకండి. పేర్లు సరిచూసుకోవడానికి చేపల వివరాలుండే ఫిష్‌బేస్ వెబ్‌సైటు ఉంది, బోర్డు మీద పేరు తప్పుగా ఉండటం అరుదేమీ కాదు.

ఆల్బంకు నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల సైజు సరిపోతుంది, దానికి 1200కు 1800 పిక్సెల్స్ ఉంటే చాలు కాబట్టి చేపను బాగా కత్తిరించుకున్నా ఇబ్బంది లేదు. ముదురు నీలాలు కాగితం మీద ఫోన్లో కంటే ఒక మెట్టు నల్లగా పడతాయి, ఇచ్చే ముందు వెలుగు కొద్దిగా పెంచండి. అన్నీ ఒకేసారి వేయించకుండా ముందు రెండు వేయించి చూసి మిగతావి ఇవ్వడం మంచిది. కాగితం మ్యాట్ అడగండి, కింద పేరు పిల్లల చేత పెన్నుతో రాయించొచ్చు, గ్లాసీ మీద సిరా ఆరదు.